ఉంగరం, ఎర్ర దారం, నీటి ఫిరంగి

కాలిఫోర్నియా కొండలకు బంగారం కోసం వెళ్ళినవాళ్ళకు లెక్కలేదు. కొందరికి దొరికింది, ఎక్కువమందికి దొరకలేదు. ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్ళిన బంగారాన్ని కూడా అక్కడే పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఈ యాత్ర గురించి రాయడానికి అంతకు మించిన అర్హత ఏముంటుంది?

ఫ్రీమాంట్, శుక్రవారం

2012 మే నెల. బయల్దేరింది ముగ్గురం: నేను, నా రూమ్మేట్ శ్రీధర్, వాళ్ళ నాన్న శంకరాచారి గారు. శ్రీధర్‌ది కరీంనగర్, నాది తెనాలి. రాష్ట్రం సంగతి గదిలో ఎత్తకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. అందుకని మా పౌరుషమంతా గిన్నెలు ఎవరు కడగాలన్న దాని మీదే చూపించుకునేవాళ్ళం.

ఆచారి గారు నలభై ఏళ్ళు బంగారప్పని చేసిన మనిషి. మూడు నెలలుండి పోదామని కొడుకు దగ్గరికి వచ్చారు. మొదటి వారమే గోల్డెన్ గేట్ బ్రిడ్జికి తీసుకెళ్ళాం. ఆయన దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "గోల్డ్ అంటిరి గదరా? ఎర్ర రంగేసిన ఇనుమున్నది" అని తేల్చేశారు. శ్రీధర్ మొహం చూడాలి. ఆ పరువు తిరిగి సంపాదించడానికే ఈ యాత్ర. అసలు బంగారం మట్టిలోంచి ఎట్లా వస్తుందో చూపిస్తానని తండ్రికి మాటిచ్చాడు.

"బిస్కెట్ కాడికెళ్ళి నాకెర్కే," అన్నారాయన. "బిస్కెట్ కంటె ముందల ఎట్లుంటదో చూడలే. నలభై ఏండ్లు బిడ్డతోని పనిచేసిన, తల్లిని చూడలే."

కారు ఇంకా ఫ్రీవే ఎక్కనేలేదు, పక్క సీట్లో ఉన్న ఆచారి గారి చూపు స్టీరింగ్ మీదున్న నా వేలి మీద పడింది.

"గిదేంది బిడ్డా, ఉంగరానికి కట్టుగట్టినవ్?"

ఇక్కడ ఉంగరం సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో విజయవాడలో నాకూ లావణ్యకూ నిశ్చితార్థమైంది. ఉంగరం చేయించేటప్పటికి నేను అమెరికాలో ఉన్నాను కాబట్టి మావాళ్ళు మా అన్నయ్య వేలి కొలత ఇచ్చారు. మా అన్నయ్య ఏ విషయంలోనూ నాతో సరిపడడు, వేలు మాత్రం ఎట్లా సరిపడుతుంది? తిరుగు ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టులో లావణ్య తన చున్నీ అంచులోంచి ఎర్ర దారం ఒకటి లాగి, ఆ ఉంగరానికి ఏడు చుట్లు చుట్టి, ముడేసి, నా వేలికి తొడిగింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో వాళ్ళ అమ్మమ్మ మొదట అడిగేది ఒక్కటే: "చెయ్యి చూపించు నాయనా." నా మొహం సంగతి ఆ తరవాతే.

"ఇయ్యి, రెండు నిమిషాల్ల బిగిస్త," అన్నారు ఆచారి గారు. "సుత్తి, పట్టుకారు బ్యాగులనే ఉన్నయ్."

"వద్దంకుల్. దారం తను చుట్టింది."

వెనక సీట్లోంచి శ్రీధర్ అందుకున్నాడు. "బాపూ, గది దారం కాదే. లవ్."

"లవ్వైతే మంచిదే. ముడి మాత్రం మంచిగ లేదు. నీళ్లల్ల నానితే జారుతది."

నలభై ఏళ్ళ అనుభవం చెప్పింది. ఇరవై ఆరేళ్ళ ప్రేమ వినలేదు. వినుంటే మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

గ్రాస్ వ్యాలీ, మధ్యాహ్నం

శాక్రమెంటో దాటాక కొండలు మొదలవుతాయి, సెల్‌ఫోన్ సిగ్నల్ ఆగిపోతుంది. ఇక్కడ గ్రాస్ వ్యాలీ అనీ, నెవాడా సిటీ అనీ పక్కపక్కన రెండు ఊళ్ళు. నెవాడా సిటీ నెవాడా రాష్ట్రంలో లేదు, కాలిఫోర్నియాలోనే ఉంది. పైగా సిటీ కూడా కాదు, మా తెనాలిలో ఒక పేటంత. పేరులో రెండు మాటలుంటే రెండూ అబద్ధమైన ఊరిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంగ్లండు నుంచి వచ్చిన గని కూలీలు ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళిన తిండి ఒకటుంది. పేస్టీ అంటారు. ఆకారం అచ్చం కజ్జికాయే, కాకపోతే అరచేయంత. లోపల మాంసం, బంగాళాదుంప కూరతారు. మేం పాలకూర పెట్టింది తీసుకున్నాం, ఒకటి ఆరు డాలర్లు. అంచు మాత్రం తాడు పేనినట్టు మందంగా ఉంది. ఎందుకని అడిగితే కౌంటర్లో అమ్మాయి చెప్పింది: గనిలో చేతులు మురికిగా ఉంటాయి కదా, ఆ అంచు పట్టుకుని మిగతాది తినేసి, చివరికి అంచు పారేసేవాళ్ళట.

తర్జుమా చేసి చెప్పాను. ఆచారి గారు నమ్మలేదు.

"పారేసుడేంది? చేతులు కడుక్కుంటె అయిపాయె గద!"

అంచుతో సహా తినేసి, సంచిలోంచి డబ్బా తీసి, కరీంనగర్ నుంచి మోసుకొచ్చిన సకినాలు ఆ అమ్మాయికి రెండు ఇచ్చారు. ఆమె ఒకటి కొరికి, కళ్ళు పెద్దవి చేసి, దీన్ని ఎక్కడ పట్టుకోవాలి అని అడిగింది. "ఎక్కడ వట్టుకున్న ఇరుగుతది, గదే దీని గొప్ప" అన్నారాయన. ఇది నేను తర్జుమా చెయ్యలేదు.

కొండ లేని చోటు

సాయంత్రానికి పాత గని చూశాం. గని అంటే సొరంగం ఉంటుందనుకున్నాను. లేదు. కొండ ఉండాల్సిన చోట ఒక పెద్ద గిన్నె ఉంది, ఆకాశం తప్ప మూతలేని గిన్నె. గోడలు ఎరుపు, పసుపు, తెలుపు చారలతో, ఎవరో ఐస్‌క్రీమ్‌ని చెంచాతో తవ్వినట్టుగా ఉన్నాయి.

తవ్వింది చెంచాతో కాదు, నీళ్ళతో. పై కొండల్లో చెరువులు కట్టి, మైళ్ళకొద్దీ కాలువల్లో, ఇనప గొట్టాల్లో నీళ్ళు దించి, చివర్న ఫిరంగిలాంటి గొట్టంలోంచి కొండ మీదికి వదిలేవారట. కొండ కరిగి బురదై చెక్కపెట్టెల్లోంచి పారేది. బంగారం బరువు కాబట్టి పెట్టె అడుగున ఆగిపోయేది, మట్టి నదిలోకి పోయేది. మట్టి ఎంత పోయిందంటే, కింద మైదానంలో నదులు పూడి పొలాల మీద పడ్డాయి. రైతులు కోర్టుకెళ్ళారు. గెలిచారు. పద్దెనిమిది వందల ఎనభైల్లో ఈ పని ఆపెయ్యమని జడ్జి తీర్పిచ్చాడు.

బోర్డు మీద ఉన్నదంతా చదివి వినిపించాను. ఆచారి గారు బంగారం సంగతి వదిలేశారు.

"మల్ల సదువు. నిజంగ రైతే గెలిచిండా?"

"నిజంగానే అంకుల్."

"బంగారపోని మీద?"

"బంగారపువాడి మీదే."

ఆయన ఆ గిన్నెను ఇంకొకసారి చుట్టూ చూశారు. "అయితె ఇది ఏరే దేశమే" అన్నారు. వీసా ఆఫీసులోగానీ, విమానంలోగానీ, బ్రిడ్జి దగ్గరగానీ కలగని నమ్మకం ఆయనకు అక్కడ కలిగింది.

డేల్ గారి పెరడు, శనివారం

మోటెల్ బల్ల మీద పడున్న ప్రకటన కాగితం పట్టుకుని, అందులో ఉన్న డేల్ అనే ఆయన ఇంటికి వెళ్ళాం. డెబ్భై దాటిన మనిషి, స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంటి వెనక ఏటవాలు నేల. పైన చిన్న చెరువు, అందులోంచి దిగే గొట్టం, గొట్టం కొసన తాతలనాటి నీటి ఫిరంగి ఒకటి, పెద్దవాటిముందు పిల్ల. ఎదురుగా గులకమట్టి గుట్ట. గుట్ట కింద పొడవాటి చెక్కపెట్టె. మనిషికి ఇరవై డాలర్లిస్తే ఐదేసి నిమిషాలు ఫిరంగి పట్టుకోనిస్తాడు. మురికినీళ్ళు ఏట్లో పడకుండా దిగువన రెండు గుంటల్లో ఆపుతాడు.

"ఒక్క చుక్క కూడా ఏటిలోకి పోనివ్వను," అన్నాడు. "కింది రైతులంటే మాకు ఇప్పటికీ భయమే."

గేటు మీద ఆయనే రాసిన బోర్డు: దొరికింది మీది, పోయింది మాది. మేం నవ్వి, దాని ముందు నిలబడి ఫొటో దిగాం. ఆ ఫొటోలో నా చేతికి ఉంగరం ఉంది.

ఆచారి గారు తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నారు. అడుగున పాత కార్పెట్ ముక్క, దాని మీద అడ్డంగా పదకొండు చెక్కపట్టీలు. నీళ్ళు పట్టీల మీదుగా దూకుతూ పోతే ఇసుక పోతుంది, బరువున్నది పట్టీ వెనక ఆగుతుంది. రెండు వేళ్ళతో కార్పెట్ తడిమి చూసి ఆయన నవ్వడం మొదలుపెట్టారు.

"అరే, ఇది మా దుకాణమే గదరా! మేం చెయ్యి కడిగిన నీళ్లు పారబొయ్యం, తొట్టిల పోస్తం. ఊడ్చిన మన్ను ఏడాదంత కుండల జమజేస్తం. కూసున్న చాప పాతదైతె కాలవెట్టి, బూడిద కడుగుతం. ఆయనకు చెప్పు."

చెప్పాను. డేల్ కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరిగిపోయిన పెట్టెల్ని తన తాత కూడా అట్లాగే కాల్చి, బూడిద కడిగేవాడట. ఇది నేను తెలుగులోకి మార్చేలోపే ఆచారి గారు ఆయన భుజం తట్టి, "ఔ గద!" అనేశారు. డేల్ తలూపాడు. నా ఉద్యోగం అక్కడితో పోయింది.

తరవాత ఫిరంగి. మొదట శ్రీధర్ పట్టుకుని గుట్టను తప్ప చుట్టుపక్కల అన్నింటినీ తడిపాడు. నా వంతు వచ్చింది. వాల్వు తెరవగానే గొట్టం దున్నపోతులా గుంజింది. నేను గట్టిగా పట్టుకుని కొండను కరిగించాను. బురద జలపాతంలా దిగింది, ఇంద్రధనుస్సు వచ్చింది, సరిగ్గా ఐదు నిమిషాలపాటు నేనొక చారిత్రక పురుషుణ్ణి. వంతు అయిపోయాక, వాళ్ళ నాన్న వంతు కూడా తనకే కావాలన్న శ్రీధర్‌కి గొట్టం ఇచ్చి, పక్కకొచ్చి మొహం తుడుచుకున్నాను. తుడుచుకుంటుంటే బుగ్గకు రోజూ గీసుకునేది ఆవేళ గీసుకోలేదు.

వేలు ఖాళీ. ఖాళీ చేసిన ఇంటి గోడ మీద క్యాలెండర్ ఆనవాలు మిగిలినట్టు, తెల్లటి గీత ఒకటి మిగిలింది.

పదకొండు పట్టీలు

"ఉంగరం!" అని అరిచి, చెప్పులతో సహా గుట్ట మీదికి దూకాను. మోకాళ్ళదాకా దిగబడ్డాను.

"ఆగు! తొక్కకు!" ఆచారి గారి గొంతులో అంత కోపం నేను ఎన్నడూ వినలేదు. "తొక్కితె ఇంక లోపల్కి పోతది. ఎన్కకు రా, అడుగులో అడుగేసుకుంట."

డేల్ వచ్చాడు. విషయం విన్నాడు. నడిచివెళ్ళి గేటు మీది బోర్డును వేలితో చూపించాడు. నా ప్రాణం పోయింది. అప్పుడు నవ్వాడు. నవ్వి, వాల్వు కట్టేద్దామా అని సైగ చేశాడు.

"కట్టొద్దను," అన్నారు ఆచారి గారు. "కట్టేసి చేతులతోని దేవులాడితె దొర్కదు. నీళ్లనే దేవులాడనియ్యి. ఉన్నది గుట్టల, పోయేది పెట్టెలకే. బరువున్నది యాడికి పోతది?"

డేల్‌కి చెప్పాను. అప్పటిదాకా కట్టేద్దామన్నవాడు, నేనూ అదే అనబోతున్నానన్నాడు. అట్లా నా ఉంగరాన్ని వెతకడానికి, నా ఉంగరాన్ని పోగొట్టిన ఫిరంగినే మళ్ళీ తిప్పారు. శ్రీధర్ గంటసేపు గుట్టను కొట్టాడు. నేను పెట్టె పక్కన నిలబడి పారే బురదను చూస్తూ లెక్క వేసుకున్నాను: రేపు పొద్దున ఎనిమిదిన్నరకు విజయవాడలో రాత్రి తొమ్మిది. అమ్మమ్మగారు కెమెరా ముందు కుర్చీ వేసుకుంటారు. చెయ్యి చూపించు నాయనా.

"జేబులో పెట్టుకో చెయ్యి," అన్నాడు, గొట్టం డేల్‌కి అప్పగించి వచ్చిన శ్రీధర్, నా మొహం చూసి. "చలి అని చెప్పు."

"మే నెలలోనా?"

"అయితె గిది పెట్టుకో." డేల్ సామాన్ల డబ్బాలోంచి శ్రీధరే ఇత్తడి వాషర్ ఒకటి తీసిచ్చాడు. వేలికి అద్దినట్టు సరిపోయింది. అన్నయ్య వేలి కొలతతో చేసిన ఉంగరం కంటే మేలు. నిజం చెప్పాలంటే రెండు నిమిషాలు ఆలోచించాను. కానీ అమ్మమ్మగారికి కళ్ళజోడు కొత్తగా మార్చారు.

గుట్ట సగానికి దిగాక నీళ్ళు ఆపారు. పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసి, వెనకున్నదంతా తొట్టిలోకి కడగాలి. డేల్ తన నల్ల ప్లాస్టిక్ పళ్ళెం తెచ్చి, గుండ్రంగా తిప్పడం చూపించాడు. ఆచారి గారు మర్యాదగా చూసి, దాన్ని పక్కన పెట్టి, మా టిఫిన్ మూటలోంచి సర్వపిండి తెచ్చుకున్న స్టీలు పళ్ళెం తీశారు. దాంట్లో మట్టి పోసి, నీళ్ళలో ముంచి, ముందుకీ వెనక్కీ చిన్న కుదుపు, కొసన మణికట్టుతో ఒక విసురు. చాటతో బియ్యం చెరిగినట్టే. డేల్ తొట్టి పక్కనే చూస్తూ కూర్చున్నాడు.

మొదటి పట్టీ వెనక ఒక మేకు. రెండోదాని వెనక సీసపు గుండు. మూడు, నాలుగు, ఐదు నల్ల ఇసుక. ఆరోదాని వెనక బొమ్మ చెప్పు ఒకటి దొరికింది. ఏ పిల్లదో పోయింది. బోర్డు ప్రకారం డేల్‌ది. ఏడు, ఎనిమిది ఏమీ లేవు.

"బరువున్నది ముందే ఆగాలి కదంకుల్?" అన్నాను.

"రాయైతె ఆగు. చిల్లున్నది గద, బండిగీర లెక్క దొర్లుతది."

తొమ్మిది లేదు. పది లేదు. పదకొండో పట్టీ ఊడదీసేముందు ఆచారి గారు తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకున్నారు. పళ్ళెంలో కుదుపు, కుదుపు, విసురు. ఇసుక తప్పుకుంది. ఉంగరం అక్కడ ఉంది, ఏమీ జరగనట్టు. దారం లేదు.

నాకు కన్నీళ్ళు వచ్చాయని శ్రీధర్ అంటాడు. బురదనీళ్ళు. నా మొహమంతా అవే ఉన్నాయి కాబట్టి ఏది ఏదో తేల్చే అవకాశం లేదు.

ఆచారి గారు మాత్రం ఉంగరాన్ని డేల్ చేతిలో పెట్టేసి, పళ్ళెం వైపే చూస్తున్నారు. ఉంగరం పక్కన, నల్ల ఇసుకలో, మూడు రవ్వలు. ఆవగింజలో సగం ఉంటాయేమో. గోటితో ఒకదాన్ని కదిపారు.

"ఇగో," అన్నారు మెల్లగా. "తల్లి."

నలుగురి తలలూ పళ్ళెం మీదికి వంగాయి.

వెలిగారం

ఇక న్యాయం. బోర్డు ప్రకారం మూడు రవ్వలు మావి, ఉంగరం డేల్‌ది. డేల్ ఉంగరాన్ని చిటికెనవేలికి తొడిగి, ఎత్తి చూసుకుని, చివరికి శ్రీధర్‌కి ఒక షరతు పెట్టాడు: ఈ రవ్వలతో మీ నాన్న ఏం చేస్తాడో నా కళ్ళముందు చెయ్యాలి, అప్పుడు ఇస్తాను.

షెడ్డులో చిన్న గ్యాసు మంట ఉంది, ఇనప దిమ్మ ఉంది, అరమీద తెల్లపొడి డబ్బా ఉంది. ఆచారి గారు ఆ పొడి వేళ్ళ మధ్య నలిపి చూసి, పెళ్ళిలో తప్పిపోయిన చుట్టం దొరికినట్టు, "వెలిగారం!" అన్నారు. బంగారం కరిగేటప్పుడు మురికిని లాగేసేది అదే, ఇక్కడా అదే. డేల్ "బోరాక్స్" అన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు రెండుసార్లు పలికి చూసుకున్నారు.

"ఉంగరం కోసి చిన్నది చేస్తారా?" అని అడిగాను.

"పెండ్లి ముంగట కొయ్య. పెండ్లయినంక రాండ్రి, ఇద్దరు." బ్యాగులోంచి పట్టుకారు తీశారు. "ఇప్పుడు కొయ్యకుంట ఎంత పట్టిస్తె గంత."

మూడు రవ్వల్నీ ఉంగరం లోపలి వైపు, దారం ఉండిన చోట, వెలిగారంతో అంటించి మంట చూపించారు. చల్లార్చి ఇచ్చారు. తొడుక్కున్నాను. ఆ మూడు రవ్వల వల్ల ఉంగరం ఎంత బిగిసిందంటే, ఏమాత్రం బిగియలేదు. నిన్న ఎంత వదులో ఇవాళా అంతే.

"మరి దారం?" అన్నాడు శ్రీధర్.

మోటెల్ గదిలో బొత్తాలు కుట్టుకునే దారాల పొట్లం ఉంది, అందులో ఎరుపు ఉంది. ఏడు చుట్లు. ముడి ఆచారి గారు వేశారు, ఈ జన్మలో ఊడనిది.

ఆదివారం, ఎనిమిదిన్నర

మోటెల్ ఆఫీసు గది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. తండ్రీకొడుకులు కెమెరాకు కనబడకుండా గోడకు ఆనుకుని నిలబడ్డారు, పరీక్ష రాయిస్తున్నవాళ్ళలా.

"చెయ్యి చూపించు నాయనా."

చూపించాను. అమ్మమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, చూసి, "చల్లగా ఉండు" అని లేచివెళ్ళారు. శ్రీధర్ గాల్లో గుద్దాడు. నేను ఊపిరి వదిలాను.

అమ్మమ్మ ముందు లావణ్య నన్ను "మీరు" అంటుంది. అమ్మమ్మ వెళ్ళాక కెమెరా దగ్గరికి జరిగింది.

"దారం మార్చావేంటి?"

ఉంగరం గురించి ఆరు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. దారం గురించి ఒక్కటీ లేదు.

"ఎట్లా తెలిసింది?"

"నేను ముడి లోపలికి వేశాను. గుచ్చుకుంటే గుర్తొస్తానని. ఇది బయటికుంది."

గోడ దగ్గర ఆచారి గారు తలవంచుకున్నారు. ముడి బాగాలేదన్నది ఆయనే.

అంతా చెప్పేశాను. ఫిరంగి, గుట్ట, వాషర్, పదకొండు పట్టీలు, మూడు రవ్వలు. వాషర్ సంగతి దాచినా పోయేది. ఆమె బొమ్మ కదలడం ఆగిపోయింది. నెట్ ఆగిందో, మనిషి ఆగిందో తెలియలేదు. శ్రీధర్ రూటర్ వైపు చూశాడు.

"ఆ రవ్వలు చూపించు," అంది చివరికి.

ఉంగరం తీసి, దారం పక్కకు జరిపి, లోపలి వైపు కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టాను. చాలాసేపు చూసింది.

"కనబడ్డాయి," అంది. "మూడూ కనబడ్డాయి. బాగున్నాయని అంకుల్‌కి చెప్పు."

ఆచారి గారు గోడ దగ్గర్నుంచి జరిగి, భుజం మీది తువ్వాలు సవరించుకున్నారు. నేను చెప్పనవసరం లేకపోయింది.

నా లాప్‌టాప్ కెమెరా సంగతి మీకు తెలియదు. దూరంనుంచి ఎర్ర ముడి ఆనుతుంది గానీ, దగ్గర పెడితే దాంట్లో నా ముక్కే సరిగ్గా కనబడదు.